పేజీ తిప్పే కుర్చీ

మా అమ్మాయి ఆర్కెస్ట్రాలో చేరిన మొదటి ఏడాదే బయటికి వచ్చేయాల్సింది. వాయించడం రాక కాదు. మరీ ఎక్కువ వచ్చి.

దానికి చెల్లో అంటగట్టింది బడివాళ్ళు. సంగీతం క్లాసు కొత్తగా పెట్టిన రోజున పిల్లలంతా ఎగబడి వయొలిన్లు పట్టుకుపోయారు. మాది వరస చివర. మూల గోడకు ఆనించి ఒక చెల్లో మిగిలింది. చెల్లో అంటే వయొలిన్‌కి పెదనాన్న. భుజం మీద పెట్టుకోవడానికి లేదు. కుర్చీలో కూర్చుని, కాళ్ళ మధ్య నిలబెట్టి, కింద ఉండే ఇనుప ముల్లు నేలకు గుచ్చి, కమానుతో అడ్డంగా లాగాలి. పెట్టెలో పెట్టి భుజాన వేసుకుంటే పిల్ల కనపడలేదు. పెట్టె కింద రెండు కాళ్ళు కనపడ్డాయి.

మా వదిన గుమ్మంలోనే నిలబడి ఉంది. మా ఆవిడకు అక్క. మాకు రెండిళ్ళ అవతల కాపురం.

"ఏమయ్యా, పిల్లకి వాద్యం తెచ్చావా, బీరువా తెచ్చావా?" అంది. తర్వాత పిల్లను చూసి, "చీమ బెల్లపుగడ్డ మోసుకొస్తోంది" అంది. ఆనాటినుంచి ఇంట్లో అది చీమే.

మా ఆవిడ అప్పటికే మంచం పట్టింది. పక్కగదిలో చీమ తీసే గీరుళ్ళు వింటూ వింటూనే పోయింది. ఆసుపత్రివాళ్ళు "చేయగలిగింది చేశాం" అన్నారు. చేయలేకపోయినవాళ్ళందరూ అనే మాటే అది. నేను వాళ్ళను క్షమించలేదు. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

బడిలో చెప్పేది చాలడం లేదని తెలిశాక, చెల్లో చెప్పే ఒకావిడ దగ్గర చేర్చాను. ఆవిడ లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉండేది. పిల్ల పెట్టె మోసుకుంటూ మెట్లెక్కి, రొప్పుతూ తలుపు కొడితే, "ఊపిరి సర్దుకున్నాక రా" అని మళ్ళీ తలుపు వేసేసేది. గదిలో రెండు కుర్చీలు, ఒక నిలువుటద్దం, కిటికీ. మూడో కుర్చీ లేదు. ఎందుకు లేదని నేను అడిగాను.

"మూడో కుర్చీ ఉంటే తండ్రులు కూర్చుంటారు" అంది టీచరమ్మ.

నేను మెట్ల మీద కూర్చున్నాను. ఏళ్ళ తరబడి.

ఆవిడది ఒకటే పద్ధతి. కాగితం చూసి ఒక వరుస నేర్చుకోవాలి. కాగితం బోర్లించాలి. వాయించాలి. తప్పితే మళ్ళీ మొదటినుంచి. "కాగితంలో ఉన్నది అచ్చువేసినవాడిది. వేళ్ళలో ఉన్నదే నీది" అనేది. తలుపు సందులోంచి ఆ మాట విన్నప్పుడు, సరైన మనిషికే అప్పగించాననుకున్నాను. మా ఊరి బడిలో పుస్తకం మాస్టారి దగ్గర ఒక్కటే ఉండేది. మా దగ్గర ఉన్నవి చెవులు, నోరు, వీపు. ఎక్కాలైనా పద్యాలైనా ఆ మూడింటి మీదుగానే ఎక్కాయి. ఇప్పటికీ దిగలేదు. కంఠతా వచ్చిందే చదువు. తక్కినది మోత.

చీమకు ఆ గుణం నా దగ్గరనుంచే వచ్చింది. అన్నం తింటూ కంచం అంచు మీద ఎడమచేతి వేళ్ళు ఆడించేది. నేను సిటీబస్సు డ్రైవర్ని. సెలవు రోజున బస్సులో వెంట వస్తే, ముందు సీట్లో కూర్చుని, ముందున్న కడ్డీని చెల్లో మెడ అనుకుని నొక్కుతూ ఉండేది. ప్రయాణికులు పిల్లకు ఏదో జబ్బనుకునేవాళ్ళు. అనుకోనిచ్చాను.

పోటీలకు వెళ్ళడం మొదలయ్యాక తక్కిన పిల్లలు స్టాండు, కాగితాలు, కాగితాలు ఎగరకుండా క్లిప్పులు తెచ్చుకునేవాళ్ళు. ఇది చెల్లో, కమాను తెచ్చుకునేది. ఒక పోటీలో తోడు వాయించే పియానో ఆయన రెండు పేజీలు కలిపి తిప్పేశాడు. పాటలో సగం మెట్లు ఎగరగొట్టి కిందికి దూకినట్టయింది. చీమ ఆగలేదు. ఆయన ఎక్కడికి దూకాడో చెవితో పట్టుకుని, ఒక్కసారి కమాను లాగేలోపల తనూ అక్కడికి దూకింది. జడ్జీలకు తెలియలేదు. బహుమతి ఇచ్చారు. పియానో ఆయన బయటికొచ్చి మెడ తుడుచుకుంటూ, "తల్లీ, నా పరువు నిలబెట్టావు" అన్నాడు.

"కాగితాన్ని నమ్ముకుంటే అంతే" అంది టీచరమ్మ ఆయన వినేలాగే.

చదువు అయిపోయింది. ఊళ్ళో ఉన్న పెద్ద ఆర్కెస్ట్రాలో ఒక చెల్లో కుర్చీ ఖాళీ అయిందని తెలిసింది. పరీక్ష తెర వెనక. వాయించేది ఎవరో జడ్జీలకు తెలియకూడదు. నడకను బట్టి ఆడో మగో తెలుస్తుందని బూట్లు కూడా విప్పించారు. మేజోళ్ళతో వెళ్ళి కూర్చుంది. మాట్లాడకూడదని ముందే చెప్పారు. తెర అవతలనుంచి కండక్టర్, అంటే ముందు నిలబడి కర్ర ఊపే ఆయన, "ఇదే ఇంకోసారి, మెల్లగా" అన్నాడట. మెల్లగా వాయించింది. "ఇంకా మెల్లగా" అన్నాడట. వాయించింది. "ఇంకా" అన్నాడట.

"ఇంతకంటే మెల్లగా అయితే ఆగిపోతుంది సార్" అంది ఇది.

తెర అవతల ఎవరో పెద్దగా నవ్వారట. రూలు తప్పినా తీసుకున్నారు. నవ్వించినందుకు కాదు. అంత మెల్లగా లాగినా కమాను వణకనందుకు.

"డ్రైవర్ కూతురు చివరికి కండక్టర్ కిందే చేరింది" అని మా వదిన వీధంతా చెప్పుకుంది.

తీసుకోవడం అంటే పూర్తిగా కాదు. ఏడాది చూస్తారు. ఆర్కెస్ట్రాలో చెల్లోలు ఆరు. ఏడాది చివర తక్కిన ఐదుగురు ఒక గదిలో కూర్చుని, కొత్తమనిషిని ఉంచాలో వద్దో చెబుతారు. ముగ్గురు వద్దంటే ఇంటికి. ఎంత గొప్పగా వాయించినా అంతే. ఇంకో ఊళ్ళో ఇంకో తెర వెనక మళ్ళీ మేజోళ్ళతో కూర్చోవాలి. అలాంటి కుర్చీలు ఎప్పుడోగాని ఖాళీ కావు.

ఆ ఆరుగురూ ఇద్దరిద్దరుగా మూడు వరసల్లో కూర్చుంటారు. ఇద్దరికీ కలిపి ఒక స్టాండు, దాని మీద ఒకే కాగితాల కట్ట. జనంవైపు ఉన్నది పెద్దవాళ్ళ కుర్చీ. లోపలివైపు ఉన్నది చిన్నవాళ్ళది. పేజీ చివరికి వస్తుండగా లోపలివాళ్ళు వాయించడం ఆపి, లేచీ లేవకుండా ఒంగి, పేజీ తిప్పి, మళ్ళీ అందుకోవాలి. బయటివాళ్ళు ఆగకుండా వాయిస్తూనే ఉంటారు. వినేవాళ్ళకు ధార తెగదు. అదీ ఏర్పాటు. చివరి వరసలో లోపలి కుర్చీ చీమకు వచ్చింది.

"అంటే పరాయివాడికి పేజీలు తిప్పాలా?" అన్నాను.

"అందరూ అక్కడే మొదలుపెడతారు నాన్నా."

"నువ్వు అందరివా?"

"కాదనుకో" అంది. ఆ విషయంలో మాకు ఎప్పుడూ అభిప్రాయభేదం లేదు.

పక్క కుర్చీలో ఒక ముసలాయన. తెల్లటి మీసాలు, దళసరి కళ్ళద్దాలు. అందరూ పెద్దాయన అంటారు. అదే వరసలో, అదే కుర్చీలో జుట్టు నెరిసేదాకా వాయించాడు. ముందుకు పోలేదు. పోవాలని అడగలేదట. అడగనివాళ్ళను నేను నమ్మను.

చలికాలంలో ఒక కచేరీకి నాకు పక్క బాల్కనీలో చోటు దొరికింది. చెల్లోలు సరిగ్గా కింద. అందరి తలలూ, చేతులూ కనపడతాయి. కచేరీ మధ్యలో, వేగంగా పోతున్న చోట, పెద్దాయన కమాను ఉన్నట్టుండి గాలిలో ఆగిపోయింది. ఆయన కాగితం వైపు ఒంగాడు. చూశాడు. చీమ మాత్రం కళ్ళు సగం మూసుకుని, తల ఊపుతూ, పోతూనే ఉంది. ఆయన కమాను ఉన్న చేత్తోనే పేజీ తిప్పబోయాడు. కాగితం ఊడి కింద పడింది. ఒంగి తీసుకున్నాడు. మళ్ళీ ఎక్కడున్నారో పట్టుకునేసరికి ఆ భాగమే అయిపోవచ్చింది.

నా గుండె పొంగింది. బయటికి రాగానే భుజం తట్టాను.

"ఆ ముసలాయన కునుకు తీశాడా ఏం? నువ్వొక్కదానివే లాగించేశావు. భేష్."

చీమ పెట్టె కింద పెట్టింది. "ఆయన కునుకు తీయలేదు నాన్నా. నేను పేజీ తిప్పలేదు."

"అయితే?"

"అయితే ఏంటి? నాకు కాగితం అక్కర్లేదు. అందుకని అక్కడ కాగితం ఉందన్న సంగతే మర్చిపోయాను. ఆయన నడిరోడ్డు మీద నిలబడిపోయాడు."

"ఆయన్నీ కంఠతా పట్టమను."

"నాన్నా!"

"నేనేం తప్పన్నాను?"

ఇప్పటికీ అదే అంటాను.

మర్నాడు రిహార్సల్ కాగానే, పెట్టెలు పెట్టుకునే గదిలో పెద్దాయన అందరూ ఉండగానే దాన్ని ఆపాడు. ఆయన మాటలు చీమ నాకు ఒక్కటీ వదలకుండా చెప్పింది. దానికి మాటలూ కంఠతా వస్తాయి.

"అమ్మాయ్, నువ్వు నాకంటే బాగా వాయిస్తావు" అన్నాడట. "అది నాకు తెలుసు. నీకు ఇంకా బాగా తెలుసు."

"సారీ సార్. ఇంకోసారి జరగదు."

"జరగదులే. జరగకుండా చూసుకుంటావు. నేననేది అది కాదు. పేజీ మర్చిపోతే నేర్పించొచ్చు. పక్కన మనిషి ఉన్నాడని మర్చిపోతే ఎలా నేర్పిస్తాం? నన్ను అడిగిన రోజున వద్దనే చెబుతాను. చాటున చెప్పడం నాకు అలవాటు లేదు. అందుకని ముందే నీకు చెబుతున్నా."

"ఏడాది ఇంకా అవలేదు కదా సార్?"

"అవలేదు."

"అయితే అయ్యాకే చెప్పండి" అని చీమ పెట్టె తగిలించుకుని వచ్చేసిందట.

నేను ఆయన ఇంటికి వెళ్ళి నాలుగు కడుగుదామనుకున్నాను. చీమ నా చెప్పులు దాచేసింది.

"నువ్వు పోట్లాడితే నాకు వచ్చేది వోటు కాదు నాన్నా, ఆయన జాలి. జాలితో వచ్చే కుర్చీ నాకొద్దు. తిప్పడమే కదా, నేర్చుకుంటా. దీనికంటే కష్టమైనవి నేర్చుకున్నా."

మర్నాటినుంచి నా సాయంత్రాలు పోయాయి. ముందు గదిలో రెండు కుర్చీలు వేసింది. మధ్యలో స్టాండు. నన్ను బయటి కుర్చీలో కూర్చోబెట్టి చేతికి చీపురు ఇచ్చింది.

"ఇదేమిటి?"

"నీ చెల్లో."

"నాకు ఆ గుర్తులు చదవడం రాదే."

"చదవక్కర్లేదు. కూర్చో. నా పక్కన ఒక మనిషి ఉండాలి, అంతే."

వాయించేది. పేజీ చివర రెండు వరుసలు ఉందనగా ఆపేసేది. ఒంగి తిప్పేది. మళ్ళీ అందుకునేది. అందుకోవడం దానికి చిటికెలో పని. ఆపడమే చేతకాలేదు. వేళ్ళు ముందుకు పరుగెత్తేవి. పళ్ళు కొరుక్కునేది. "నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టుంది నాన్నా" అనేది. మళ్ళీ మొదటినుంచి. మూడో అంతస్తు పద్ధతే.

మా వదిన కిటికీలోంచి చూసింది. నేను చీపురు కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుని ఉన్నాను.

"ఏమయ్యా మరిదీ, ఇన్నేళ్ళూ దానికి వాయించడం నేర్పించావు. ఇప్పుడు వాయించకుండా ఉండటం నేర్పిస్తున్నావా?"

"అవును వదినా. నీకూ మాట్లాడకుండా ఉండటం నేర్పిస్తాం, లోపలికి రా."

"నాకు నేర్పించాలంటే మీ ఇద్దరి ఆయుష్షూ చాలదు" అని ఆవిడ పోయింది.

చీమ ఇంకొకటి కనిపెట్టింది. పెద్దాయన కళ్ళు చేతులకంటే బాగా ముందు నడుస్తాయి. వాయించేది ఇంకా పేజీ మధ్యలో ఉండగానే చూపు పేజీ చివరికి చేరి ఆగుతుంది. అలా ఆగినప్పుడు ఆయన గడ్డం కొంచెం పైకి లేస్తుంది. పేజీ చివర చూసి తిప్పితే ఆయనకు ఆలస్యం. గడ్డం చూసి తిప్పాలి. ఇది ఎవరూ చెప్పలేదు. పక్కన కూర్చుని చూసింది.

ఆ తర్వాత ఒక్క పేజీ తప్పలేదు. నా లెక్కలో గొడవ తీరిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం పెద్దాయన చెల్లో పెట్టెతో నా బస్సే ఎక్కాడు. నన్ను గుర్తుపట్టి, డ్రైవర్ సీటు వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"మీరు ఆ అమ్మాయి నాన్నగారు కదూ?"

"అవును. ఇప్పుడు సరిగ్గా తిప్పుతోంది కదా?" అన్నాను రోడ్డు మీదనుంచి కళ్ళు తీయకుండా.

"తిప్పుతోంది. ఠంచనుగా."

"అయితే ఇంకేం?"

"తిప్పాక ఒకసారి నావైపు చూస్తుంది. దానం చేసినట్టు."

నాకు ఒళ్ళు మండింది. "వాయించాల్సిన పిల్ల వాయించకుండా మీకోసం ఆగుతోంది. దానం కాక మరేమిటి?"

"చూశారా" అన్నాడు ముసలాయన. "ఎవరి దగ్గర నేర్చుకుందో అనుకున్నాను."

నేను బ్రేకు కొంచెం గట్టిగానే వేశాను. ఆయన రెండు చేతులతో పెట్టెను కావలించుకున్నాడు. చెల్లోకి ఏమీ కాలేదు. నేను చూసే వేశాను.

"మనసు మారలేదన్నమాట?" అన్నాను.

"ఇంకా లేదండీ" అని తన స్టాపులో దిగాడు.

ఇంటికెళ్ళి ఆ మాట చీమకు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. 

"నిజమే. చూస్తాను" అంది. "రేపటినుంచి చూడను."

"చూడకపోతే మనసు మారుతుందా ఆయనకి?"

"ఆయన మనసు ఆయనిష్టం. నా మెడ నా ఇష్టం."

ఏడాది చివరి కచేరీ శనివారం. ఐదుగురూ కూర్చునేది ఆదివారం. అంటే శనివారం ఏం వింటారో అదే చెవుల్లో ఉంటుంది. చివరి భాగంలో చెల్లోలకు పెద్ద పని ఉందని, అందులో తన చెయ్యి ఏమిటో వాళ్ళకు వినిపిస్తానని చీమ చెప్పింది. బెరుకు లేదు దానికి. తెల్లవారి లేచి జడ బిగించి అల్లుకుంది. నేను బాల్కనీలో అదే చోట కూర్చున్నాను. ఈసారి వదిన కూడా వచ్చింది.

రెండో భాగం మొదలైన కాసేపటికి, మొదటి వరసలోంచి కొరడా ఝళిపించినట్టు చప్పుడు. చెల్లోల నాయకుడికి తీగ తెగింది. ఇంకొంచెంసేపట్లో ఆయన ఒక్కడే వాయించాల్సిన చోటు వస్తోంది. ఇలాంటప్పుడు వాళ్ళకొక ఆచారం ఉంది. నాయకుడు పక్కవాడి చెల్లో తీసుకుంటాడు. తెగిన చెల్లో పక్కవాడికి వస్తుంది. అతను వెనక వరసలో లోపలి కుర్చీతో మార్చుకుంటాడు. అలా తెగింది వెనక్కి, మంచివి ముందుకి. చివరికి తెగిన చెల్లో చివరి వరస లోపలి కుర్చీకి చేరుతుంది. ఆ కుర్చీవాళ్ళు దాన్ని పట్టుకుని పక్క తలుపులోంచి చప్పుడు లేకుండా బయటికి వెళ్ళి, కొత్త తీగ వేసుకుని తిరిగి వస్తారు.

సరిగ్గా ముందు కుర్చీలో అతను వెనక్కి తిరిగి చెయ్యి చాపగానే చీమ తన చెల్లో ఇచ్చేసింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తెగిన చెల్లో దాని ఒళ్ళోకి వచ్చింది. తీగ ముక్క చుట్ట చుట్టుకుని వేలాడుతోంది.

"అయ్యో, దాని రోజున దాని పెట్టె లాక్కున్నారేమిటయ్యా!" అంది వదిన నా చెవిలో.

"వెళ్తుంది. తీగ వేసుకుని వచ్చేస్తుంది. చివరి భాగానికి టైముంది" అన్నాను.

వెళ్ళలేదు. పక్క తలుపు దగ్గర నిలబడ్డ మనిషి తలుపు తీసి చెయ్యి ఊపాడు. ఇది తల అడ్డంగా ఊపింది. చెల్లోను ఎడమ భుజానికి ఆనించుకుని, కమాను స్టాండు అంచున పెట్టి, అలాగే కూర్చుంది. రెండు భాగాల మధ్య కండక్టర్ కర్ర దించి ఆగాడు. తలుపు దగ్గరి మనిషి మళ్ళీ చెయ్యి ఊపాడు. పెద్దాయన కూడా ఏదో గొణిగాడు. చీమ కదల్లేదు.

"ఏమయింది దీనికి?" అని నేను సీట్లోంచి సగం లేచాను. వదిన చొక్కా పట్టి లాగింది.

చివరి భాగం మొదలైంది. ఏడాదిపాటు ఎదురుచూసిన భాగం. తక్కిన ఐదుగురి చేతులూ పైకీ కిందికీ పోతున్నాయి. చీమ చేతులు ఖాళీగా ఉన్నాయి. కాని కళ్ళు కాగితం మీద లేవు, జనం మీద లేవు, కండక్టర్ మీద కూడా లేవు. పెద్దాయన గడ్డం మీద ఉన్నాయి. గడ్డం లేచేసరికి పేజీ తిరిగి ఉండేది. అంత వేగంలో ఆయన కమాను ఒక్కసారి కూడా ఆగలేదు. నేను అన్ని పేజీలూ చూశాను. ఒక్కసారి కూడా ఇది ఆయన మొహంలోకి తిరిగి చూడలేదు.

నాకు మాత్రం కోపం తగ్గలేదు. చప్పట్లు కొట్టలేదు.

బయట పెట్టెల గది దగ్గర నాయకుడు దాన్ని నిలదీస్తున్నాడు. ముందుకు పొడుచుకొచ్చిన పొట్టి గడ్డం, ఎర్రబడ్డ మొహం.

"తీగ వేసుకుని రావడానికి టైముంది కదా? ఆచారం తెలీదా నీకు? దిష్టిబొమ్మలా కూర్చున్నావ్!"

"రేపు అడుగుతారుగా సార్. రేపే చెబుతాను" అంది చీమ. తన చెల్లో తను తీసుకుని తుడుచుకుంది.

  దారంతా వదినే మా ఇద్దరి వంతూ మాట్లాడింది.

ఆదివారం ఉదయం నేనూ వెళ్ళాను. వసారాలో బల్ల మీద కూర్చున్నాను. ఈసారి మూడో కుర్చీ ఎవరూ తీసేయలేదు. ఉక్కగా ఉందని గది తలుపు ఓరగా తీసే ఉంచారు. లోపల ఐదుగురు కూర్చుని ఉన్నారు, చీమ వాళ్ళ ఎదుట నిలబడి ఉంది. మాటలన్నీ వినపడుతున్నాయి.

"చెప్పు" అంది నాయకుడి గొంతు. "ఎందుకు వెళ్ళలేదు?"

"వెళ్తే ఆయనకి పేజీ ఎవరు తిప్పుతారు సార్?"

"ఆయన తిప్పుకుంటారు. చిన్నపిల్లవాడా?"

"చివరి భాగంలో పేజీలన్నీ వేగం మధ్యలోనే తిరుగుతాయి. పక్కన ఇంకో చెల్లో ఉంటే ఒకరు ఆగినా ఇంకొకరు వినపడతారు. నేను బయటికెళ్ళాక మా వరసలో ఉన్నది ఒకే చెల్లో. ఆయన తిప్పుకుంటే మా వరస మొత్తం ఆగిపోతుంది."

"చివరి భాగానికి ముందే వచ్చేయొచ్చు కదా?"

"రావచ్చు సార్. టైముంది. రెండో భాగంలో రెండు పేజీలున్నాయి. తిప్పేవాళ్ళు లేక అవి ఆగేవి. ఆ తర్వాత కొత్త తీగ. పేజీకి ఒకసారి శ్రుతి జారుతుంది. దాన్ని బిగించుకుంటూ నేనూ వాయించినట్టు కనపడొచ్చు. వినపడటం మాత్రం చెడ్డగా వినపడేది."

"అది మేం చెప్పాల్సింది. ఆచారం ఉన్నది అందుకే. మళ్ళీ తీగ తెగితే ఏం చేస్తావ్?"

"అవే పేజీలైతే ఇదే చేస్తాను సార్. వేరే పేజీలైతే బయటికెళ్తాను."

 ఆ జవాబు చెడగొట్టిందనుకున్నాను. నేనైతే నా సొంత పిల్లనైనా బయటికి పంపించేవాణ్ణి, అలాంటి జవాబు విని. తర్వాత ఆడగొంతు ఒకటి, రెండో వరసలో కూర్చునే ఆవిడది అనుకుంటాను, పెద్దాయన్ని అడిగింది.

"పక్కన కూర్చునేది మీరు. మీరేమంటారు?"

"ఉంచమంటాను" అన్నాడు ముసలాయన.

"చలికాలంలో వద్దన్నారు కదా?"

"అన్నాను. అప్పుడు నా పక్కన ఎవరూ లేరు. నిన్న ఉన్నారు."

"వాయించనేలేదు కదండీ నిన్న!" అన్నాడు నాయకుడు.

"వాయించడం గురించి తెర దగ్గరే తేలిపోయింది కదా. దాని గురించి ఎవరికి అనుమానం?"

 అయినా నాయకుడు వద్దనే అన్నాడు. రెండో వరసలో అతను ఆయన వెనకే వద్దన్నాడు. ఆడమనిషి ఉంచమంది. చివరికి మొదటి వరసలో లోపలి కుర్చీ అతని వంతు. రాత్రి తన చెల్లో నాయకుడికి ఇచ్చుకున్నవాడు.  నాయకుడి పక్కన రోజూ కూర్చోవాల్సినవాడు.

"నేను ఉంచమంటాను" అన్నాడు చిన్నగా. "పేజీ తిప్పే పని ఎంతో నాకు తెలుసు."

కుర్చీలు జరిగాయి. నాయకుడు ముందు బయటికి వచ్చాడు. చీమ దగ్గర ఆగి, "సోమవారం తొందరగా రా" అన్నాడు. "తీగ ఎంతసేపట్లో మారుస్తావో చూడాలి నేను."

"మీ వాచీ తెచ్చుకోండి సార్" అంది చీమ.

ఆయన మూతి కొంచెం కదిలింది. నవ్వని నేను చెప్పను.

పెద్దాయన చివర వచ్చాడు. నన్ను చూసి తల ఊపాడు. నేను ఊపలేదు. ఏడాదంతా నా పిల్ల నిద్ర చెడగొట్టినవాడు ఒక్క మాట మంచిగా చెప్పినంతమాత్రాన చుట్టం అయిపోడు. ఇప్పటికీ బస్సెక్కితే పలకరించను. ఆపాల్సిన చోట ఆపుతాను.

చీమ మాత్రం ఆయనతో అప్పుడే తగువులాడుతోంది.

"చివరి భాగంలో రెండు చోట్ల తప్పారు సార్ మీరు."

"తెలుసు. నీ పెదవి కదిలింది."

"పేజీ ఆగిందా?"

"ఆగలేదు."

"మరి!"

ముసలాయన నవ్వుకుంటూ మెట్లు దిగాడు. చీమ గోడకున్న అరలోంచి వచ్చే కచేరీ కాగితాలు తీసుకుని వచ్చి, బల్ల మీద నా పక్కన కూర్చుంది. బాగా దళసరి కట్ట. పెన్సిల్ నాలుకతో తడిచేసి పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. ఒక్క పేజీ మధ్యలో కూడా ఆగడం లేదు. అడుగు చూసి గీత గీస్తోంది, తిప్పుతోంది.

"కంఠతా పట్టవా?" అన్నాను.

"రెండు వారాల్లో మొత్తం వచ్చేస్తుంది నాన్నా" అంది తలెత్తకుండా. "ముందు పేజీ చివర్లు చూసుకోనీ."